జేరే గారి దొంగతనం పాఠం

ఎంపీకా పట్టణంలో దొంగతనమంటే ఏమిటో తెలియకుండా ఎవరైనా పెద్దవాళ్ళయ్యారంటే ఆ తప్పు జేరే గారిది మాత్రం కాదు. మేజిస్ట్రేటు కోర్టులో గుమాస్తాగా పదేళ్ళు పనిచేసేసరికి, బోనెక్కిన వాడికి చట్టం చదివి వినిపించడం పెళ్ళయ్యాక జాతకాలు చూడటం లాంటిదని ఆయనకి తోచింది. అప్పట్నించి ఇరవై రెండేళ్ళుగా, ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ సెలవు పెట్టి, రిటైరయ్యాక ఆ అవసరం లేకుండా, గురువారం గురువారం ఏదో ఒక బడికి వెళ్ళి దొంగతనం గురించి బోధిస్తూ వచ్చారు. పిల్లలు ఆయన్ని చూడగానే "దొంగతనం సారొచ్చారు" అనేవాళ్ళు. దాన్ని ఆయన బిరుదుగానే స్వీకరించారు.

కుదురుగా కూర్చోవడం ఆయన ఒంట్లో లేదు. కోర్టులో మేజిస్ట్రేటు లేచేదాకా ఎవరూ లేవకూడదన్న నియమమొక్కటే ఆయన్ని కుర్చీలో పట్టి ఉంచేది. బడిలో ఆ నిర్బంధం లేదు కాబట్టి, నల్లబల్ల ఈ కొసన మొదలుపెట్టిన వాక్యాన్ని ఆ కొసన ముగించేవారు.

"దొంగతనానికి నాలుగు కాళ్ళు. ఒకటి, తీసుకోవడం. రెండు, తీసుకున్నది పరాయి సొత్తు కావడం. మూడు, సొంతదారు ఒప్పుకోకపోవడం. నాలుగు, తనకి హక్కు లేదని తెలిసీ తీసుకోవడం. ఒక్క కాలు విరిగినా బల్ల నిలబడదు. నాలుగూ ఉన్నాయా, అయిదేళ్ళ దాకా జైలు. దొంగసొత్తని తెలిసి కొన్నవాడూ నేరస్థుడే. పద్దెనిమిది నిండని వాళ్ళకి విచారణ వేరు, తలుపులు వేసి జరుగుతుంది, పేరు పత్రికలో రాదు. పత్రికలో రాదు గానీ వీధికి తెలుస్తుంది. రేపు నర్సుగానో పోలీసుగానో చేరతామంటే మచ్చ లేదని సర్టిఫికెట్టు అడుగుతారు. అప్పుడేం చూపిస్తారు? మీ అందమైన మొహమా?"

ఇంతవరకూ అంతా శాస్త్రోక్తమే. పాఠం చివర మాత్రం ఒక ఘట్టం ఉండేది. జేరే గారు అంగోని మనిషి, తూర్పున చిపాటా వైపు నించి వచ్చినవారు. ఎంపీకాలో ఎక్కువమంది బెంబాలు. ముత్తాతల నాడు ఈ రెండు జాతులూ ఒకరినొకరు తెగనరుక్కుని, చేతులు నొప్పెట్టాక, ఇకమీదట మనది బావామరదుల వరస అని ఒప్పందానికి వచ్చాయి. అప్పట్నించి అంగోనులు ఎలకల్ని తింటారని బెంబాలూ, బెంబాలు కోతుల్ని తింటారని అంగోనులూ ఒకరి వంట మీద ఒకరు అపారమైన శ్రద్ధ చూపిస్తున్నారు. చావింట్లో ఏడ్చేవాళ్ళని నవ్వించడం అవతలి జాతి బాధ్యత. నవ్విస్తూ నవ్విస్తూ బావ సొత్తు చేతికందింది పట్టుకుపోవచ్చు కూడా. సొంతదారు ఒక కోడిని తెచ్చి బతిమాలితే తిరిగిచ్చేయాలి. కోపం తెచ్చుకున్నవాడు ఓడినట్టు.

కాబట్టి జేరే గారు పాఠం ముగించి, బెంబా జాతి మాస్టారెవరైనా తలుపు దగ్గర ఆనించిన గొడుగు తీసి చంకలో పెట్టుకుని, గడప మీద నిలబడి గంభీరంగా అడిగేవారు. "పిల్లలూ, ఇది దొంగతనమా?"

"కా... దు!"

"ఎందుచేత?"

"బావ సొత్తు!"

మాస్టారు లబలబలాడుతూ వెంటపడేవాడు. తరగతి విరగబడి నవ్వేది. పాఠంలో మిగతాదంతా మర్చిపోయినవాళ్ళు ఉండొచ్చు గానీ, ఈ ఘట్టాన్ని మర్చిపోయినవాళ్ళు లేరు.

ఫిబ్రవరిలో ఒక సోమవారం పొద్దున ఆయనకి ఫోనొచ్చింది. చేసినవాడు కోర్టు ప్రాసిక్యూటరు చిసాంగా. బెంబా కుర్రవాడు, ఒకప్పుడు ఏడో తరగతిలో జేరే గారి పాఠం విన్నవాడే.

"బావగారూ, ఎలకల వేపుడయిందా?"

"అయింది. నీకు తోక దాచాను. ఏమిటి సంగతి?"

"మీ శిష్యురాలు ఒకర్తె దొరికింది. సైకిలు కేసు."

"నా శిష్యులు సైకిళ్ళు దొంగిలించరయ్యా."

"ఆ పిల్లా అదే అంటోంది. దొంగతనం కాదట. జేరే సార్ చెప్పారట."

జేరే గారు ఫోను చేతిలో ఉండగానే చెప్పులు వేసుకున్నారు.

కోర్టు వసారాలో చిసాంగా కాగితం ముందు పెట్టాడు. పిల్ల పేరు తమండాని సోకో. పదిహేడేళ్ళు, పన్నెండో తరగతి. అంగోని పిల్ల, తండ్రి రైల్వేలో పని. తొమ్మిది రోజుల కిందట, శనివారం నాడు, కపాసా అనే వడ్రంగికి పెదనాన్న పోతే, తల్లితో పాటు పరామర్శకి వెళ్ళింది. గోడకి ఆనించి ఉన్న కపాసా సైకిలెక్కి, "కోతులు తినేవాళ్ళకి సైకిలెందుకు, కొమ్మ పట్టుకు వేళ్ళాడుతూ పొండి!" అని కేకేసి, అందరూ చూస్తుండగా ఇంటికి తొక్కుకుపోయింది. అయిదురోజులు ఆ సైకిలు వాళ్ళ వాకిట్లోనే ఉంది. గురువారం కపాసా వచ్చాడు. చేతిలో కోడి లేదు. పక్కన కానిస్టేబులున్నాడు.

"కపాసా బెంబావాడే కదయ్యా!" అన్నారు జేరే గారు.

"పుట్టుకకి బెంబా. రెండేళ్ళ కిందట కొత్త చర్చిలో మునిగి లేచాడు. పాత ఆచారాలన్నీ ఆ నీళ్ళలోనే వదిలేశాడట. బావగా నాకు నవ్వొచ్చింది. ప్రాసిక్యూటరుగా రాలేదు. సైకిలు తీసింది, పరాయిది, ఆయన ఒప్పుకోలేదు. మూడు కాళ్ళు గట్టిగా ఉన్నాయి."

"నాలుగోది?"

"దానికే మిమ్మల్ని పిలిచింది. హక్కుందని నమ్మాను అంటోంది, ఎవరు చెప్పారంటే మీ పేరు చెప్తోంది. గురువారం మీరొచ్చి, 'నా పాఠంలో తప్పు లేదు, గొడుగు సంగతి ఉత్త వేళాకోళం, బుద్ధున్న పిల్లకి ఎవరికైనా తెలుస్తుంది' అని ఒక్క ముక్క చెప్తే చాలు. నాలుగో కాలూ నిలబడుతుంది."

"పిల్ల సంగతో?"

"జైలుకేం పంపరులెండి. నేరం చేసిందని మాత్రం తేలుతుంది. నర్సింగు బడికి దరఖాస్తు పెట్టుకుందట పాపం. ఆ సర్టిఫికెట్టు రాదు." చిసాంగా కాగితాలు సర్దుకుంటూ, "మీ పేరు మాత్రం చెక్కుచెదరదు బావగారూ" అన్నాడు, ధైర్యం చెప్తున్నట్టు.

ఆ మధ్యాహ్నం జేరే గారి ముందు మొక్కజొన్న పిండితో వండిన షిమా ముద్ద, ఎండుచేపల కూర చల్లారిపోయాయి. భార్య లోంబె బెంబా ఆడది. ముప్పయ్యేళ్ళుగా ఆయన ఎలకల్ని ఈసడించుకుంటూనే వండిపెడుతున్న ఇల్లాలు.

"ఏమయ్యా తొవేలా నాన్నా, తింటూ నడుస్తావా, నడుస్తూ తింటావా? ఏదో ఒకటి చెప్తే కంచం పట్టుకుని వెనకాలే తిరుగుతాను" అంది, ఎప్పటిలా కూతురి పేరు కలిపి పిలుస్తూ.

"ఆకల్లేదు."

"అంగోని వాడికి ఆకల్లేదంటే ఊళ్ళో ఎలకలు పండగ చేసుకుంటాయి."

ఆయన నవ్వలేదు. లోంబె కంచం తీసి మూత పెట్టింది.

మంగళవారం వానలో వడ్రంగి దుకాణానికి వెళ్ళారు. వరస కలిపి మాట్లాడితే కరగని బెంబావాణ్ణి ఆయన ఇంతవరకూ చూడలేదు. కపాసా నలభై ఏళ్ళ మనిషి, చిత్రిక పడుతున్నాడు.

"ఏం బావా! సైకిలు కోసం పోలీసులా? ఒక కోడితో పోయేదానికి! కోతికూర తిని తిని కోడి రుచి మర్చిపోయావా ఏం?"

"నాకు బావలు లేరండీ. ప్రభువులో సోదరులే ఉన్నారు."

"మంచిది. సోదరుడిగానే అడుగుతున్నాను. ఆ పిల్లని క్షమించు."

"ఆరోజే క్షమించానండీ. కంప్లైంటు వేరు."

న్యాయశాస్త్రంలో ఇంత సున్నితమైన భేదం జేరే గారికి ఎక్కడా తగల్లేదు. "సైకిలు ఎక్కడుందో నీకు తెలుసు కదా. వెళ్ళి తెచ్చుకోవాల్సింది!"

"కోడి లేకుండా వెళ్తే ఇవ్వరు. కోడి పట్టుకెళ్తే పాత ఆచారానికి తలవంచినట్టు. మూడురోజులు ప్రార్థన చేశాను, వాళ్ళంతట వాళ్ళే తెస్తారేమోనని." కపాసా చిత్రిక ఆపాడు. "కిందటి బుధవారం ఏటవతలి పల్లెలో ఒక పెట్టె ఇవ్వాల్సి వచ్చింది. నాలుగేళ్ళ పాపకి. పదకొండు కిలోమీటర్లు. సైకిలుంటే వెనక కట్టుకుని గంటలో పోయేవాణ్ణి. నెత్తిన పెట్టుకుని నడిచాను. బరువేం లేదండీ, చిన్నదే. వాన పడింది, బురద. నేను వెళ్ళేసరికి పొద్దు వాలిపోతోంది. వాళ్ళంతా గొయ్యి చుట్టూ తడుస్తూ కూచున్నారు. గోతిలోకి నీళ్ళొస్తుంటే ఇద్దరు మనుషులు డబ్బాతో తోడుతున్నారు. ఎవరూ నన్నేమీ అనలేదు."

మళ్ళీ చిత్రిక అందుకున్నాడు. జేరే గారి దగ్గర ఇంకా మూడు నాలుగు వేళాకోళాలు సిద్ధంగా ఉన్నాయి. వాటిని తెచ్చినట్టే తిరిగి పట్టుకుపోయారు.

బుధవారం పొద్దున రైల్వే క్వార్టర్సు వైపు కాళ్ళు వాటంతటవే తీసుకెళ్ళాయి. తమండాని వాకిట్లో బడి బట్టలు ఉతుకుతోంది.

"దొంగతనం సార్!" అంటూ నురగ చేతులతోనే లేచింది. "చూడండి సార్ ఆ బెంబాయన! కోడి తెమ్మంటే పోలీసుని తెచ్చాడు. పోలీసుని ఏం చేసుకుంటాం, కూరొండుకుంటామా?"

"నవ్వులాటగా ఉందా నీకు?"

ఆమె నవ్వు సగంలో ఆగింది. "నేను దొంగతనంగా తీసుకురాలేదు సార్. అందరికీ వినపడేలా అరిచాను. వానకి తడవకుండా మా అమ్మ నడుముకి చుట్టుకునే చితెంగె గుడ్డ కూడా కప్పాను. దొంగలు గుడ్డ కప్పుతారా?"

"దొంగలే కప్పుతారమ్మా."

"అయ్యో! అది నాకు తట్టలేదు." పెదవి కొరుక్కుంది. "సార్, రేపు మీరొస్తారు కదా? మీరు మాకు చెప్పిందే అక్కడా చెప్తారు కదా?"

"వస్తాను" అన్నారు జేరే గారు. రెండో ప్రశ్నకి జవాబు ఇవ్వకుండానే గేటు దాటారు.

సాయంత్రం నాలుగింటికి పాత చట్టం పుస్తకం తీశారు. పేజీలు తిప్పాల్సిన అవసరం ఆయనకి లేదు, అయినా తిప్పారు. హక్కుందని నిజాయితీగా నమ్మి తీసుకున్నవాడు దొంగ కాడు. ఆ నమ్మకం తప్పయినా సరే, నిజమైనదైతే చాలు. పుస్తకం మూసి, గుమ్మం దాకా వెళ్ళొచ్చి, మళ్ళీ తెరిచారు. అచ్చు మారలేదు.

"ఇప్పటికి ఏడుసార్లు" అంది లోంబె, ఆకుకూర తుంచుతూ. "గుమ్మం అరిగిపోతుంది. చెప్పేదేదో చెప్పెయ్యి."

"ఆ గొడుగు..."

"ఏ గొడుగు?"

"మాస్టర్ల గొడుగులు. బడికి ముందురోజే వెళ్ళి అడిగేవాణ్ణి. 'రేపు మీ గొడుగు తీస్తాను, మీరు కాస్త లబలబలాడండి' అని. అందరూ ఒప్పుకున్నాకే తీసేవాణ్ణి."

లోంబె ఆకుకూర పక్కన పెట్టింది. "పిల్లలకి తెలీదా?"

"తెలీదు."

"అంటే ఇచ్చిన గొడుగు తీసుకుని, ఇవ్వని గొడుగు తీసుకోవచ్చని చెప్పావన్నమాట. ఇరవై రెండేళ్ళు."

ఆమె ఆ మాట వెక్కిరింపుగా అని ఉంటే ఆయన తట్టుకునేవారు. మామూలుగా అంది.

"చిసాంగా చెప్పమన్నట్టు చెప్తే నా పాఠం నిలుస్తుంది" అన్నారు జేరే గారు. "ఉన్నదున్నట్టు చెప్తే, దొంగతనం చేయొద్దని చెప్పే మనిషే దొంగతనానికి దారి చూపించాడని జిల్లా అంతా చెప్పుకుంటుంది. బడుల్లో అడుగు పెట్టనివ్వరు."

"పెట్టనివ్వకపోతే ఇంట్లోనే ఉంటావు" అంది లోంబె. ఒక్క క్షణం ఆలోచించి, "నాకదే భయంగా ఉంది" అంది.

గురువారం విచారణ తలుపులు వేసి జరిగింది. చిన్న గది, ఆరు కుర్చీలు. మేజిస్ట్రేటు కళ్ళజోడు పెట్టుకున్న ఆవిడ, ఈ ఊరికి కొత్త. తమండాని ఇస్త్రీ చేసిన బడి బట్టల్లో, తల్లి పక్కన, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కపాసా గోడవార కూర్చున్నాడు. జేరే గారిని నిలబడి సాక్ష్యం చెప్పమన్నారు. అదొక్కటే ఆ పూట ఆయనకి కలిసొచ్చింది.

చిసాంగా అడిగాడు. "దొంగతనానికి అర్థం పిల్లలకి సరిగ్గానే చెప్పారా?"

"చెప్పాను. నాలుగు కాళ్ళూ."

"చివర గొడుగు తియ్యడం హాస్యానికే కదా?"

"హాస్యానికే."

"అది హాస్యమని బుద్ధున్న పిల్లలకి తెలుస్తుంది కదా?"

ఇక్కడ జేరే గారు అవునంటే అయిపోతుంది. చిసాంగా కలం కూడా మూత పెట్టబోతున్నాడు.

"తెలియదు" అన్నారు జేరే గారు. "ఇది దొంగతనమా అని నేనడిగాను. కాదు అన్నారు. ఎందుకంటే బావ సొత్తు అన్నారు. అది తప్పని నేను చెప్పలేదు. ఆ పాఠం నాది. ఈ పిల్ల బాగా విన్నది, అంతే."

మేజిస్ట్రేటు కళ్ళజోడు పైనించి చూసింది. "ఆ గొడుగుల మాస్టర్లకి ముందే తెలుసా?"

"తెలుసమ్మా. ముందురోజు వెళ్ళి అడిగేవాణ్ణి."

"అంటే సొంతదారు ఒప్పుకున్నాడు. వరసతో పనే లేదు."

"లేదమ్మా."

"ఆ సంగతి పిల్లలకెందుకు చెప్పలేదు?"

జేరే గారు కోటు అంచు లాక్కున్నారు. ముప్పయ్యేళ్ళలో ఎన్ని వందల సాక్ష్యాలు ఈ కోర్టులో రాసుకున్నారో! ఇవాళ ఆయన మాట ఇంకొకరు రాసుకుంటున్నారు.

"చెప్తే నవ్వరమ్మా."

గదిలో ఎవరూ నవ్వలేదు. చిసాంగా ఏడో తరగతి పిల్లవాడిలా ఆయన్ని చూస్తూ, "ముందే అడిగేవారా?" అన్నాడు నెమ్మదిగా. అది ప్రాసిక్యూటరు ప్రశ్న కాదు కాబట్టి ఎవరూ రాసుకోలేదు.

మేజిస్ట్రేటు తీర్పు చిన్నది. తమండాని తనకి హక్కుందని నిజంగానే నమ్మింది. అందరి ముందు తీసుకెళ్ళింది, దాచలేదు, అమ్మలేదు, అడగడానికి వస్తారని ఎదురుచూసింది. నమ్మకం తప్పు, అయినా నిజమైనది. నేరం రుజువు కాలేదు.

"నిలబడమ్మా" అంది ఆవిడ. "ఈ జవాబు నీకు ఇవాళ పనికొచ్చింది. ఇంకోసారి పనికిరాదు. బావయినా, మరిదయినా, సొంతదారు వద్దంటే తీసుకోకూడదని ఇప్పుడు నీకు తెలిసింది. తెలిసి తీసుకుంటే అది దొంగతనమే. అర్థమైందా?"

"అయిందండీ."

"జేరే గారూ, మీరు చెప్పిన బడులెన్ని?"

"జిల్లాలో అన్నీనమ్మా."

ఆవిడ ఆ మాట కాగితం మీద రాసుకుంది. అన్ని బడులకీ మళ్ళీ వెళ్ళి సరిదిద్దమన్న ఆజ్ఞలా అది ఆయనకి తోచింది.

బయట వాన వెలిసింది. తమండాని తల్లి వసారాలోనే కూలబడి, కళ్ళు ఒత్తుకుంటూ దేవుడికీ, మేజిస్ట్రేటుకీ, జేరే గారికీ విడివిడిగా దణ్ణాలు పెట్టింది. కపాసా కానిస్టేబులు చూపించిన చోట సంతకం పెట్టి సైకిలు తీసుకున్నాడు. గాలి తగ్గిందేమోనని చక్రాలు నొక్కి చూస్తున్నాడు.

తమండాని పరుగెత్తుకొచ్చింది. మొహమంతా వెలుగు. "సార్! నేను దొంగని కాదు కదా!"

"కోర్టు కాదంది."

"మీరేమంటారు?"

జేరే గారు వసారా ఆ కొసకి నడిచి, వెనక్కి వచ్చారు. "కిందటి వారం బుధవారం ఆయన ఎక్కడికి నడిచి వెళ్ళాడో తెలుసా నీకు?"

"ఎక్కడికి సార్?"

"వెళ్ళి ఆయన్నే అడుగు."

ఆ పిల్ల వాకిలి దాటి వెళ్ళడం, కపాసా ముందు నిలబడి ఏదో అడగడం ఆయన చూశారు. కపాసా సైకిలు గొలుసు సర్ది, తలెత్తి ఆ పిల్లని చూశాడు. తర్వాత ఒక్క మాటన్నాడు, సైకిలెక్కాడు, బురద చిమ్ముకుంటూ బజారు వైపు వెళ్ళిపోయాడు.

తమండాని తిరిగొచ్చింది. "చెప్పలేదు సార్."

"ఏమన్నాడు మరి?"

"'వెళ్ళి చదువుకో తల్లీ' అన్నాడు. ఎక్కడికెళ్ళాడు సార్ ఆయన? కోపంగా కూడా లేడు. ఎందుకలా చూశాడు?"

కపాసా ఆ కథని మోయడానికి ఒప్పుకోలేదు. అలాంటప్పుడు మోయాల్సింది ఎవరో ఆలోచించడానికి జేరే గారికి ఎక్కువసేపు పట్టలేదు. ఇరవై రెండేళ్ళ పాఠంలో దొంగ గురించి చెప్పారు, చట్టం గురించి చెప్పారు, జైల్లో పెట్టే చిక్కుళ్ళ గురించి సైతం చెప్పారు. వస్తువు పోయినవాడు ఆ రోజంతా ఏం చేశాడో ఒక్కసారీ చెప్పలేదు.

"మీ అమ్మని రమ్మను. నేనూ అటే వస్తాను" అన్నారు.

"మా ఇంటికా సార్?"

"బడికి. దారిలో చెప్తాను."

ముగ్గురూ రోడ్డెక్కారు. జేరే గారు ఎక్కడ మొదలుపెట్టాలా అని వెతుక్కున్నారు. నవ్వించే మాట ఒక్కటీ దొరకలేదు. చివరికి పెట్టె ఎంత ఉంటుందో చెప్పడంతో మొదలుపెట్టారు. తమండాని మొదట ఒకటి రెండు ప్రశ్నలడిగింది. రైలు పట్టాలు దాటేసరికి అడగడం మానేసి, చెప్పులు చేత్తో పట్టుకుని బురదలో నడుస్తోంది. ఆయన మాత్రం కపాసా నడిచిన దారంతా, ఏటి దాకా, ఏరు దాటి గొయ్యి దాకా, ఏదీ వదలకుండా చెప్తూనే నడిచారు.